దేవుడి పెళ్లిళ్లు రాసిన వెంగమాంబ

తిరుమలలో రోజూ వేలమంది ఆమె పేరు రాసి ఉన్న భవనంలో భోజనం చేస్తున్నారు. రాత్రి ఆమె హారతి అందుకున్నాకే స్వామి పవ్వళిస్తాడు. 18 కృతులు రాసిన ఆ కవయిత్రిని చదివేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కించేంతమంది.

ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు పక్కల వెంగమాంబ అన్న పేరు వినబడితే ఎవరి మనసైనా ముందు నర్రవాడకే పోతుంది. దుత్తలూరు మండలంలోని ఆ ఊళ్లో పేరంటాలుగా వెలసిన తల్లికి ఏటా జ్యేష్ఠమాసంలో తిరునాళ్లు. ఎద్దులబండ్లు కట్టుకుని పోయిన కాలం నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో పోతున్న ఈ కాలం దాకా ఆ తిరునాళ్లకు పోని కుటుంబం మన నెల్లూరు జిల్లా మెట్టలో అరుదు. మొక్కుకుని కన్న ఆడపిల్లకు వెంగమ్మ అని, మగపిల్లాడికి వెంగయ్య అని పేరు పెట్టుకోవడం తరాల అలవాటు.

అదే పేరుతో ఇంకో తల్లి ఉంది. ఆమె పేరును మనవాళ్లు తిరుమలలో చూస్తారు. నెల్లూరు మీదుగా పోయినా, రాపూరు, వెంకటగిరి మీదుగా పోయినా కొండెక్కి దర్శనం చేసుకున్నాక కాళ్లు అటే దారి తీస్తాయి. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. 2011లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. ఒక్కో హాలులో వెయ్యిమంది వరుసలుగా కూర్చుంటారు. అరిటాకు మీద నీళ్లు చిలకరించుకునేలోపే చక్కెర పొంగలి పడుతుంది, వెనకే అన్నం, సాంబారు, చారు, మజ్జిగ. ఎవరో ఒక మూల నుంచి గోవిందా అంటే హాలంతా గోవిందా అంటుంది. ఆకు ఎత్తేలోపు బయట ఇంకో వెయ్యిమంది సిద్ధంగా ఉంటారు. ఆ వరుసలో మన జిల్లావాళ్లను ఈ వెంగమాంబ ఎవరని అడిగితే చాలామంది నర్రవాడ అమ్మవారే అంటారు. కాదని తెలిసినవాళ్లు గొప్ప భక్తురాలు అంటారు. కవయిత్రి అన్న మాట అరుదుగా వస్తుంది.

భక్తురాలన్న మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుని ఆమె రాసిన వేలాది ద్విపదలను, పద్యాలను, ఆడించడానికి కట్టిన యక్షగానాలను బీరువాలో పెట్టేశాం. ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పని రాయడం. జీవితం పొడుగునా ఆమె వదలని పని అదొక్కటే.

తరిగొండ నుంచి తిరుమలకు

తరిగొండ పాత చిత్తూరు జిల్లాలో గుర్రంకొండ దగ్గరి ఊరు. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆ ఇంటి ఇలవేలుపు. కానాల కృష్ణయ్య, మంగమ్మ దంపతులకు 1730 ప్రాంతంలో వెంగమాంబ పుట్టింది. నందవరీక బ్రాహ్మణ కుటుంబం. నృసింహ జయంతి నాడే ఆమె జయంతిని కూడా జరుపుతారు. చిన్నప్పుడే పెళ్లి చేశారు. కాపురానికి పోకముందే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు తలనీలాలు తీయించి, తెల్లబట్ట కట్టించి, ఇంటి వెనక గదిలో కూర్చోబెట్టడమే ఆచారం. శుభకార్యంలో ఎదురు రాకూడదు. పసుపుకుంకుమలు తాకకూడదు. హారతి పళ్లెం అసలు పట్టకూడదు, అది ముత్తైదువుల హక్కు.

వెంగమాంబ దేనికీ ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడని, ఆయన ఉండగా తనకు వైధవ్యం ఎక్కడిదని అడిగింది. జుట్టు తీయించుకోలేదు, బొట్టు తుడుచుకోలేదు. తండ్రి కొంతకాలం ఊరి మాటకూ కూతురి మాటకూ మధ్య నలిగిపోయి చివరికి ఆమెను మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్య దేశికుల దగ్గరికి పంపాడు. ఆయన ఆమెకు యోగవిద్య, వేదాంతం నేర్పాడు. ఒక బాలవితంతువుకు అష్టాంగ యోగం చెప్పిన ఆ గురువును కూడా తలుచుకోవాలి. అక్కడ నేర్చుకున్నదే తర్వాత రాజయోగామృతసారంగా, అష్టాంగయోగసారంగా ఆమె రచనల్లోకి వచ్చింది.

ఊరు ఊరుకోలేదు. ఇక్కడే అందరూ చెప్పుకునే పుష్పగిరి కథ వస్తుంది. కడప దగ్గర పెన్న ఒడ్డున పుష్పగిరి పీఠం ఉంది. ఆ నీళ్లే సోమశిల దాటి మన ఆత్మకూరు సీమలోకి వస్తాయి. ఆ పీఠాధిపతి తరిగొండకు వస్తే ఊరిపెద్దలు ఫిర్యాదు చేశారు. ఆయన ఆమెను పిలిపించాడు. ఆమె నమస్కరించకుండా నిలబడింది. ఎందుకు మొక్కవని అడిగితే, తమరు ఒక్కసారి ఆ ఆసనం దిగండి, మొక్కుతాను అందట. ఆయన దిగాడు. ఆమె ఖాళీ ఆసనానికి దండం పెట్టింది. ఆసనం భగ్గున మండిందట.

కథ నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. దాన్ని ఇన్ని తరాలుగా ఎందుకు చెప్పుకున్నారన్నది ముఖ్యం. మన నర్రవాడ తల్లి కథలోనూ అగ్ని ఉంది. భర్త గురవయ్య కోసం ఆమె అగ్నిలో ప్రవేశించి పేరంటాలైంది. ఇంచుమించు ఒకే కాలపు సమాజం, ఒకే పేరు. ఒక కథలో నిప్పు స్త్రీని తీసుకుంది. ఇంకో కథలో స్త్రీ మీద తీర్పు చెప్పబోయిన పీఠాన్ని తీసుకుంది. రెంటికీ జనం చేతులెత్తి మొక్కారు. కానీ రెండో కథలోని మనిషి ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు బతికి, పుస్తకాలు రాసింది.

తరిగొండ గుడిలో ఆంజనేయ విగ్రహం వెనక చాటున కూర్చుని ధ్యానం చేసుకునేదని చెబుతారు. అక్కడా పూజారితో తగువు వచ్చింది. అప్పటికే నరసింహ శతకం, నృసింహ విలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృతసారం రాసేసింది. తరిగొండ నరసింహుణ్ని కొలిచే ఇంటి ఆడపిల్ల శివుడి మీద నాటకం కట్టడం గమనించదగ్గది. ఆమె భక్తికి గోడల్లేవు. అన్నీ అక్కడే వదిలి తిరుమల చేరింది.

కొండ మీద హాథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు, తాళ్లపాక వంశీకులు ఆమెకు నీడనిచ్చారు. అన్నమయ్య ఇంటివాళ్లు వెంగమాంబను ఆదరించారన్నది తెలుగు సాహిత్య చరిత్రలో చాలా అందమైన సంగతి. ఇక్కడా పొరుగింటి అర్చకుడు విస్తరాకులు ఆమె వాకిట్లో పడేసి వేధించాడన్న కథ ఉంది. ఆమె కొంతకాలం ఊరికి దూరంగా అడవిలో తుంబురు కోనకు పోయి తపస్సు చేసుకుంది. తిరిగి వచ్చాక జీవితాంతం తిరుమలలోనే ఉంది. నృసింహ జయంతికి యాత్రికులకు అన్నం పెట్టేది. ఈ రోజు అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టడానికి కారణం అదే.

ఆ ఎనభై ఏడేళ్లలో కింద లోకం ఎన్నిసార్లు మారిందో! గుర్రంకొండ కడప నవాబుల చేతి నుంచి మరాఠాలకు, హైదరుకు, టిప్పుకు, నిజాముకు మారి చివరికి 1800లో కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడు 1801లో ఆర్కాటు నవాబు చేతిలోని నెల్లూరు, తిరుపతి కూడా కంపెనీవే అయ్యాయి. ఆమె పుస్తకాల్లో ఈ యుద్ధాలు కనబడవు. ఆమె లోకంలో పెళ్లిళ్లు జరుగుతుంటాయి.

పందిట్లో చోటు లేని మనిషి కట్టిన పందిళ్లు

వెంగమాంబ కృతుల పేర్లు వరసగా చదివితే ఒక సంగతి కళ్లకు కడుతుంది. శ్రీరామ పరిణయం. రుక్మిణీ నాటకం. చెంచు నాటకం. ముక్తికాంతా విలాసం. విష్ణు పారిజాతం, గోపికా నాటకం, జలక్రీడా విలాసం. వీటన్నిటికీ మించి శ్రీనివాస పద్మావతుల కల్యాణం చెప్పే శ్రీవేంకటాచల మాహాత్మ్యం. ఏ పెళ్లిపందిట్లోకైతే లోకం ఆమెను రానివ్వలేదో ఆ పందిరే ఆమె మళ్లీ మళ్లీ కట్టింది. పెళ్లికూతుళ్ల సిగ్గు, చెలికత్తెల పరిహాసం, సవతుల అలకలు, వియ్యాలవారి మాటలు, అప్పుచేసి పెళ్లి చేసుకునే పెళ్లికొడుకు. ఆమె స్వయంగా చూడకూడదన్నవన్నీ ఆమె కలం చూసింది.

శ్రీవేంకటాచల మాహాత్మ్యం పద్యకావ్యం. వరాహ, భవిష్యోత్తర పురాణాల్లోని కథలను కూర్చి తెలుగు చేసింది. కుబేరుడి దగ్గర స్వామి అప్పు తీసుకోవడం, వకుళమాత పెళ్లిపెద్దగా నారాయణవనం బయల్దేరడం, స్వామే ఎరుకలసాని వేషంలో రాణి ధరణీదేవికి సోది చెప్పడం తెలుగువాళ్లలో తెలియనివాళ్లెవరు? 1960లో పి. పుల్లయ్య తీసిన శ్రీవేంకటేశ్వర మహాత్మ్యం సినిమా ఊరూరా ఆడి ఆ కథను ఇంటింటికీ చేర్చింది. సినిమాకు ఎన్నో ఏళ్ల ముందు ఆ కథ పుస్తకంగా తెలుగిళ్ల పూజగదుల్లో ఉండేది. దాన్ని తెలుగు పద్యంలో నిండుగా చెప్పినవాళ్లలో ముందు నిలవాల్సిన పేరు వెంగమాంబదే అని నా అభిప్రాయం.

ఎరుకలసాని ఘట్టం దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. గంప నెత్తిన పెట్టుకుని, బిడ్డను వీపున కట్టుకుని, వీధి వెంట కేక వేసుకుంటూ వచ్చే ఆడమనిషి వేషంలో దేవుడు. అంతఃపురంలో రాణి చెయ్యి చాచి కూర్చుంటుంది. ఈ కథలో మనసులోని మాట చెప్పించేది ఆడమనిషే, అడిగేది ఆడమనిషే, వినేది ఆడమనిషే. పెళ్లి నిర్ణయం రాజు కొలువులో కన్నా ముందు ఈ ఆడవాళ్ల వసారాలోనే జరిగిపోతుంది. ఇలాంటి కథను ఎన్నుకోవడానికి వెంగమాంబకు సొంత కారణాలుండి ఉంటాయి.

ఇక చెంచు నాటకం. మన జిల్లావాళ్లకు దీని గురించి వివరం చెప్పక్కర్లేదు, పెంచలకోన ఉంది కనుక. రాపూరు మండలంలో, వెలిగొండల ఒడిలో, నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన చోటని మన నమ్మకం. అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారి గుడి విడిగా ఉంటుంది. కోనకు పోయినవాళ్లెవరైనా ఆ అలక కథ చెప్పకుండా తిరిగి రారు. ఆ నరసింహుడు, ఆ చెంచిత ప్రేమే వెంగమాంబ యక్షగానానికి వస్తువు. తరిగొండ నరసింహుణ్ని చిన్ననాటి నుంచి కొలిచిన మనిషి ఆయన ఉగ్రరూపాన్ని పక్కన పెట్టి, ఆయన అడవి పిల్ల వెంట తిరిగిన కథను పాటలుగా కట్టింది.

యక్షగానం ఆడడానికి, పాడడానికి రాసేది. దరువులు, ద్విపదలు, ఏలలు, అర్ధచంద్రికలు, మధ్యలో సంధివచనాలు. చదువు రానివాళ్లు రాత్రంతా కూర్చుని చూస్తారు. వెంగమాంబ తిరుమలలో ఒంటరిగా తపస్సు చేసుకునే యోగిని మాత్రమే అయితే ఇన్ని నాటకాలెందుకు? ఎదుట జనం ఉన్నారన్న ఎరుకతో రాసిన మనిషి ఆమె.

ద్విపద ఎందుకు?

పెద్ద గ్రంథాలు రెంటికి, భాగవతానికి, వాసిష్ఠ రామాయణానికి, ఆమె ద్విపదను ఎంచుకుంది. రెండు పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, యతి, ప్రాస. సంస్కృత వృత్తాల బరువు లేదు. పండితులు దీన్ని చిన్నచూపు చూశారు. పాల్కురికి సోమన మాత్రం వందల ఏళ్ల ముందే జనానికి చేరాలంటే ఇదే మేలని తేల్చాడు. దంచుతూ, విసురుతూ పాడుకోవచ్చు. ఒకరు చదువుతుంటే పదిమంది వినొచ్చు. అర్థం కోసం పక్కనొక శాస్త్రిగారు అక్కర్లేదు.

వాసిష్ఠం సామాన్యమైన పుస్తకం కాదు. అద్వైతం నూరిపోసిన గ్రంథం. వైరాగ్యంతో కుంగిపోయిన రాముడికి వసిష్ఠుడు చేసిన బోధ. అందులో చూడాల కథ ఉంది. చూడాల రాణి. ఇంట్లో ఉంటూనే ఆత్మజ్ఞానం సాధించింది. భర్త శిఖిధ్వజుడికి చెప్పబోతే ఆడదానివి నీకేం తెలుసని నవ్వాడు. రాజ్యం వదిలి అడవికి పోయి కష్టాలు పడ్డాడు. ఆమె కుంభుడనే బ్రహ్మచారి రూపం ధరించి వెళ్లి అదే విద్య చెప్పింది. ఈసారి ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. చెప్పినవారు ఒకరే, చెప్పిన విషయమూ ఒకటే, వేషమొకటే మారింది. ఇలాంటి కథలున్న గ్రంథాన్ని, వితంతువన్న పేరుతో నోరు మూయించబోయిన ఒక స్త్రీ, ఆడవాళ్లు పాడుకునే ఛందస్సులోకి తెచ్చింది. దీన్ని కేవలం పారాయణ గ్రంథంగా చూసి పక్కన పెడితే ఆమెకు అన్యాయం చేసినట్టే.

తన పుస్తకాల మొదట్లో ఆమె తనకు చదువు రాదని, ఛందస్సు నేర్వలేదని, స్వామి పలికించినట్టు పలుకుతానని చెప్పుకుంది. ఇది మనకు కొత్త కాదు. ఆత్మకూరు బస్టాండులో బద్వేలు బస్సెక్కి, మర్రిపాడు దాటి, వెలిగొండ ఎక్కి దిగితే గోపవరం వస్తుంది. మొల్లది ఆ గోపవరమేనని ఎక్కువమంది నమ్మకం. ఆతుకూరి కేసనసెట్టి కూతురు, శ్రీకంఠ మల్లేశుడి భక్తురాలు, ఆరు కాండల రామాయణం రాసి ఏ రాజుకూ అంకితమివ్వని కవయిత్రి. ఆమె కూడా శాస్త్రాలు తనకు తెలియవనే చెప్పింది. ఆ మాట చెప్పిన తీరులోనే శాస్త్రాలు తెలుసని తెలిసిపోతుంది. ఇద్దరి వినయమూ నిజమైనదే, కానీ ఆ వినయంలో ఒక తెలివైన రక్షణ కూడా ఉంది. నేను రాయలేదు, దేవుడు రాయించాడు అంటే తప్పుబట్టేవాడు దేవుణ్ని తప్పుబట్టాలి. మగకవులకూ ఈ మాట అలవాటే. వాళ్లకది మర్యాద, ఈ ఇద్దరికీ అదే తలుపు తాళంచెవి.

లండన్‌లో ఇంకొకరు

వెంగమాంబ 1817లో, ఈశ్వర నామ సంవత్సరం శ్రావణ శుద్ధ నవమి నాడు కన్నుమూసింది. అదే ఏడాది ఆగస్టులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే కుర్రాడు ఓడ దిగి మద్రాసులో అడుగుపెట్టాడు. తర్వాత కడపలో కూర్చుని తెలుగు తాళపత్రాలకు ప్రాణం పోసింది ఆయనే. ఇంకో రెండేళ్లకు, 1819లో, ఇంగ్లండులో విక్టోరియా పుట్టింది. ఆమె రాణిగా ఉన్న కాలంలో లండన్‌లో ఒక కవయిత్రి ఉండేది, క్రిస్టినా రోసెట్టి. ఇటలీ నుంచి వలస వచ్చిన కవి, పండితుడి కూతురు. 1830లో పుట్టి 1894లో పోయింది. వెంగమాంబను తలుచుకున్నప్పుడల్లా నాకు ఈమె గుర్తుకొస్తుంది.

రోసెట్టిని ఇద్దరు పెళ్లాడతామన్నారు. ఇద్దరినీ మతవిశ్వాసం దగ్గర కుదరక కాదంది. చదరంగంలో గెలుపు మీద తనకు మరీ మోజు పెరుగుతోందని ఆట మానేసింది. వీధిలో కాగితం ముక్క కనబడితే దాని మీద ప్రభువు పేరుంటుందేమోనని తొక్కకుండా తప్పుకునేదట. కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనకు ఆ మనసు కొత్తది కాదు. స్విన్‌బర్న్ అనే కవి పుస్తకంలో దేవుణ్ని తూలనాడిన చోట కాగితం పట్టీ అంటించి మిగతాది మెచ్చుకుంటూ చదివింది. 1859 నుంచి పదేళ్లకు పైగా, బతుకు దారి తప్పిందని లోకం వెలివేసిన ఆడవాళ్ల కోసం హైగేట్‌లో నడిపిన ఆశ్రయంలో సేవ చేసింది. 1862లో వచ్చిన గాబ్లిన్ మార్కెట్ ఆమెకు పేరు తెచ్చింది. మాయపండ్లు తిని చావు అంచుకు పోయిన తోబుట్టువును కాపాడుకున్న ఆడపిల్ల కథ అది. ఆశ్రయంలో ఆమె చూసిన ఆడవాళ్లు ఆ కథ వెనక ఉన్నారని చాలామంది విమర్శకులు అంటారు.

ఇద్దరికీ తేడాలు పెద్దవే. రోసెట్టికి అచ్చు యంత్రం ఉంది, చిన్న వయసు నుంచే పద్యాలు రాస్తుంటే తాత సొంత ఖర్చుతో 1847లో అచ్చు వేయించాడు. చిత్రకారుడైన అన్న పుస్తకానికి బొమ్మలు వేశాడు, ఇంకో అన్న ఆమె తర్వాత ప్రతులు సరిచూశాడు. వెంగమాంబకు ఉన్నవి తాటాకు, గంటం, ఆదరించిన కొందరు. కానీ చచ్చిపోయాక ఇద్దరికీ జరిగింది ఒకటే. పుణ్యాత్మురాలని గోడకు పటం కట్టి, కవితను ఆ పటం వెనక దాచారు. రోసెట్టి అన్ని కవితల పాఠాంతరాలతో సమగ్ర ప్రతి 1979 నుంచి 1990 దాకా మూడు సంపుటాలుగా వెలువడింది. ఆ తరం స్త్రీవాద విమర్శకులు ఆమెను మళ్లీ చదివి, ఆ భక్తి లోపల ఎంత ఆలోచన, ఎంత తిరుగుబాటు ఉందో తవ్వి చూపారు. ఇప్పుడామెను అక్కడ పెద్దకవుల వరసలోనే చదువుతారు.

విక్టోరియా కాలపు మర్యాద మన దగ్గరికీ వచ్చి, మన కవయిత్రులను వడబోసింది. వెంగమాంబకు సమకాలికురాలు ముద్దుపళని, తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉండి రాధికా సాంత్వనం రాసింది. కందుకూరి వీరేశలింగం ఆమెను రోతగా కొట్టిపారేశారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూనుకుని వావిళ్లవారి ద్వారా పూర్తి ప్రతి వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి ప్రకాశం పంతులు రావాల్సి వచ్చింది. వెంగమాంబ రాధాకృష్ణులను, గోపికలను రాసినా ఎవరూ నిషేధించలేదు. ఆమెను దేవతను చేశారు. నిషేధించిన పుస్తకాన్ని ఎవరో ఒకరు వెతికి చదువుతారు. దండ వేసి పైన పెట్టిన పుస్తకాన్ని ఎవరూ దించరు.

రాత్రి చివరి హారతి

తిరుమలలో చివరి సేవ ఏకాంతసేవ. శయనమండపంలో ఊయల పాన్పు మీద భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేస్తారు. పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్లపాక వంశీకులు అన్నమయ్య లాలి పాడతారు. ముత్యాలు పేర్చిన పళ్లెంలో తరిగొండవారి హారతి ఇస్తారు. లాలి తాళ్లపాకవారిది, హారతి తరిగొండవారిది అని కొండ మీద పెద్దలు అనడం అందుకే. శుభకార్యంలో హారతి పళ్లెం ముట్టరాదని ఎవరిని అన్నారో ఆమె పేరు మీద ఈ హారతి వందల ఏళ్లుగా ప్రతి రాత్రీ స్వామికి పడుతోంది. నాకు తెలిసినంతలో తెలుగు సమాజం తన ఆచారాన్ని తానే ఇంత అందంగా ఓడించుకున్న సందర్భం ఇంకొకటి లేదు.

ఆమె సమాధి ఉన్న బృందావనం గుడికి ఉత్తరాన ఉంది. శ్రావణ శుద్ధ నవమికి అక్కడ వర్ధంతి సభ జరుగుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె వాఙ్మయం కోసం ప్రత్యేకంగా ప్రాజెక్టు పెట్టి పుస్తకాలు అచ్చు వేసింది. 2009లో మీనా నటించిన వెంగమాంబ సినిమా కూడా వచ్చింది. దేవస్థానం చేసిన పనిని ముందు మనసారా మెచ్చుకోవాలి. ప్రతులు సంపాదించడం, సరిచూడడం, అచ్చు వేయడం కష్టమైన పని, అది జరిగింది. కానీ పాడి వినిపించనిదే ద్విపద బతకదు, ఆడి చూపించనిదే యక్షగానం బతకదు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద ఉన్నంతకాలం ఎవరికీ వినబడలేదు. సంగీత విద్వాంసులు పాడాకే అవి మన నోళ్లలోకి వచ్చాయి. వెంగమాంబకు అలాంటి రోజు ఇంకా రాలేదు. అసలు ఆమె తత్త్వకీర్తనలున్నాయన్న సంగతే చాలామంది సంగీత విద్యార్థులకు తెలియదు.

ఈ పని ఎక్కడ మొదలుకావాలో నాకు ఒక ఆలోచన ఉంది. పెంచలకోనలో వైశాఖమాసంలో, నృసింహ జయంతి రోజుల్లో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అదే వెంగమాంబ జయంతి కూడా. ఆత్మకూరు, ఉదయగిరి, రాపూరు పక్కల నుంచి జనం బస్సులు, ట్రాక్టర్లు కట్టుకుని వస్తారు, రాత్రంతా కోనలోనే ఉంటారు. మన జిల్లాలో వీధినాటకం ఆడిన కుటుంబాలు, హరికథ చెప్పేవాళ్లు, కోలాటం ఆడే పిల్లలు ఇంకా ఉన్నారు. ఉత్సవాల్లో ఒక్క రాత్రి ఆమె చెంచు నాటకం ఆడిస్తే చాలు. నరసింహుడు చెంచిత వెంట తిరిగిన కోనలోనే, అలిగిన ఆదిలక్ష్మి గుడి పక్కనే, ఆ కథను పాటగా కట్టిన ఆడమనిషి మాటల్లోనే చూస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం దగ్గర అచ్చు ప్రతి ఉంది. దరువులకు వరసలు కట్టగలిగిన మాస్టార్లు నెల్లూరులో ఉన్నారు. ఉత్సవానికి ముందు ఫాల్గుణంలో సాధన మొదలుపెడితే రెండు నెలల్లో నిలబడుతుంది. దేవాదాయ శాఖ అధికారులను, ఉత్సవ కమిటీని అడగాల్సింది మనమే.